కప్పలు బతికి ఉన్న బావి

1957 వేసవిలో నేను పులివెందుల తాలూకాలో హెల్త్ ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తున్నాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఇంకా ఏడాది నిండలేదు. మా ఆఫీసు కవర్ల మీద పాత రాష్ట్రం ముద్రే పడుతుండేది. నాది జమ్మలమడుగు. మద్రాసులో కోర్సు చదివి, రెండు మూడు దూరపు ఊళ్లు తిరిగి, సొంత జిల్లాకు వచ్చానన్న సంతోషంతో ఉన్న రోజులవి.

ఈ ఉద్యోగం ఎలా ఉండేదో ఇప్పటివారికి అంతగా తెలియదు. ఊరూరా తిరిగి మశూచి టీకాలు వేయడం, తిరునాళ్లలో నీళ్లూ తినుబండారాలూ పరీక్షించడం, వేసవిలో కలరా రాకుండా మంచినీళ్ల బావుల్లో బ్లీచింగ్ పౌడరు కలపడం మా పని. బ్లీచింగ్ పౌడరంటే క్లోరిన్ వాయువును పట్టించిన సున్నం. నీళ్లలో పడగానే ఆ వాయువు విడుదలై రోగక్రిములను చంపుతుంది. ఎంత వేయాలో తేల్చడానికి బావి వెడల్పు, నీటి లోతు కొలవాలి. అందువల్ల బావుల్లోకి తొంగి చూడడం నాకు అలవాటైపోయింది. ఇప్పటికీ ఎక్కడైనా బావి కనిపిస్తే కాళ్లు అటు మళ్లుతాయి.

తొండూరు వైపు పల్లెల్లో బావి దిగేవాళ్లకు ఒక ఆచారం ఉండేది. పూడిక తీయడానికో, తెగిపడిన చేద తీయడానికో దిగే ముందు ఒక చిన్న రాయి లోపలికి వేసేవారు. కప్పలు ఎగిరి నీళ్లలో పడితే, చేపపిల్లలు మెరిస్తే, “జీవముండాది, దిగొచ్చు” అనుకునేవారు. నీళ్ల వరకు ఆ పరీక్షలో తప్పేమీ లేదు. నీళ్లు చెడితే ముందు తేలేవి చేపలే. తాతల నాటి నుంచి ఆ గుర్తు ఎవరినీ మోసం చేయలేదు. అయితే తాతల నాడు బావుల్లో ఇంజన్లు లేవు.

ఇంజన్లు అప్పుడే వస్తున్నాయి. వరసగా వానలు తప్పి బావుల్లో నీళ్లు కిందికి పోయాయి. ఒడ్డున పెట్టిన పంపు అంత లోతు నుంచి నీళ్లు పీల్చలేదు. అందుకని బావి గోడలో సగం లోతున గుహలాగా ఒక గూడు తొలిచి, ఇంజన్ను మోకులతో దించి అందులో కూర్చోబెట్టేవారు. పెట్రోలుతో మొదలుపెట్టి కిరసనాయిలు మీద నడిపే రకం అది. పొగ బయటికి పోవడానికి ఇనుప గొట్టాలు ఒకదానికొకటి బిగించి ఒడ్డు దాకా తెచ్చేవారు. ఆ పనిలో ఆ చుట్టుపక్కల పేరున్నవాడు ప్రొద్దుటూరు మెకానిక్కు మస్తాన్.

నేను చెప్పబోయే బావి నారప్పది. ఆ పల్లె పేరు రాయను. నారప్పకు ఆకుతోట ఉండేది. తమలపాకు పండించేవాళ్ల నియమాలు తెలిసినవారికి తెలుసు. ఆ తోటలోకి చెప్పులతో అడుగు పెట్టరు. నారప్ప అయితే కాళ్లు కడుక్కుని గాని వెళ్లేవాడు కాదు. కొత్తగా పెట్టిన ఇంజను పొగ గాలి వాటున తోట మీదికి పోతోందని, తీగలు మైల తగిలినట్టు వాడిపోతున్నాయని ఆయన మనసు బాధపడింది. పై గొట్టాలు రెండు ఊడదీయించి పక్కన పెట్టించాడు. ఆ తరువాత పొగ ఒడ్డు దాటి రాలేదు. తోట శుభ్రంగా ఉంది.

నారప్పకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ఓబయ్యకు పెళ్లయింది. చిన్నవాడు గంగులుకు ఇంకా కాలేదు. ఆ ఉదయం నేను సైకిలు మీద ఊళ్లోకి వచ్చేటప్పటికి ఓబయ్య భార్య ఎల్లమ్మ వాకిట్లో ఒక పెట్టను గంప కింద మూస్తోంది. ఆఫీసర్లు వస్తే ఊరు కోడి కోసి పెట్టడం రివాజు. నేను తినేవాణ్ని కాదని ఊరికంతా తెలుసు. అయినా ఆమె వదలలేదు.

“ఇనస్పెట్రు వచ్చినాడు, కోడిని దాచుకోవాల” అంది అందరికీ వినిపించేలా.

“నాకొద్దమ్మా నీ కోడి. చేయి చాపు, టీకా వేస్తాను.”

“కోడికెయ్యి సార్, ఎండలకు తూగుతాంది. మాకెందుకు? మీ పౌడరు నీళ్లు తాగి ముందే సగం సచ్చినాం. పప్పు ఉడకదు, కాపీకి వాసన!”

అరుగు మీద బువ్వ తింటున్న ఓబయ్య నవ్వాడు. “ఏయ్, సారుతో ఏంది ఆ మాటలు? నువ్వు చేస్తే మంచినీళ్లతో గూడా పప్పు ఉడకదు గదా” అన్నాడు. చేయి కడుక్కుని, ఇంజను ఆపి వస్తానని తోట వైపు వెళ్లాడు. నేను ఆయనను ప్రాణాలతో చూసింది అంతే.

కొంతసేపటికి తోట వైపు నుంచి కేకలు వినిపించాయి. టీకా సామాను అక్కడే వదిలి పరుగెత్తాను. బావి ఒడ్డున నారప్ప నడుముకు మోకు కట్టుకుంటున్నాడు. పక్కనే నలుగురైదుగురు పంచెలు ఎగ్గట్టి దిగడానికి సిద్ధంగా ఉన్నారు. తొంగి చూశాను. ఇంజను ఆగిపోయి ఉంది. గూటి ముందరి రాతి అంచు మీద ఓబయ్య వెల్లకిలా పడి ఉన్నాడు. అన్న పడ్డాడని చూసి గంగులు ఎవరికీ చెప్పకుండా దిగుడు రాళ్ల మీదుగా దిగాడట. అతను అన్న కాళ్ల మీద వాలిపోయి ఉన్నాడు. వాళ్ల కింద, నీళ్లలో, కప్పలు అరుస్తున్నాయి.

“పెద్దాయనా, దిగద్దు!” అని మోకు పట్టుకున్నాను.

“ఇడువు సారూ! ఎండదెబ్బకు సొమ్మసిల్లినారు. నీళ్లు కొడితే లేస్తారు.”

“అది ఎండదెబ్బ కాదు. ఆడ గాలి చెడిపోయింది.”

“గాలి చెడితే కప్పలెట్ల అరుస్తాండాయి? ఇనపళ్యా నీకు?”

అక్కడున్నవాళ్లలో తెలివైన ఒకాయన లాంతరు వెలిగించి తాడుతో గూటి దాకా దించాడు. చెడ్డ గాలి ఉంటే దీపం ఆరుతుందని మేమే ఊళ్లలో చెప్పేవాళ్లం. దీపం ఆరలేదు. చక్కగా, నిలకడగా వెలిగింది.

“చూడు సారూ! దీపం ఆరలా, కప్ప సావలా. నా బిడ్డలను సంపుతావా నువ్వు?” అని నారప్ప నా చేతి మీద కొట్టాడు.

అక్కడ ఎందుకు అంత మొండిగా నిలబడ్డానో ఇప్పుడు చెప్పాలి.

మనం పీల్చిన గాలి ఊపిరితిత్తుల చివర ఉండే, ఉల్లిపొర కన్నా పలుచని సంచుల్లోకి చేరుతుంది. ఆ పొరకు అవతల రక్తం పారుతుంటుంది. అందులో హీమోగ్లోబిన్ అనే ఎర్రని పదార్థం ఉంది. అది సంతకు సరుకు మోసే బండి లాంటిది. ఊపిరితిత్తుల దగ్గర ఆక్సిజన్ ఎక్కించుకుని ఒళ్లంతా తిరిగి దించి వస్తుంది. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అది ఆ బండ్లలో ఎక్కి కూర్చుంటే ఒక పట్టాన దిగదు. ఆక్సిజన్‌కు చోటుండదు. చుట్టూ గాలి ఉండగానే మనిషి లోపల ఊపిరాడక పడిపోతాడు. దీపానికి రక్తం లేదు కనుక మనిషిని పడగొట్టేంత పొగ చేరినా అది వెలుగుతూనే ఉంటుంది.

కప్ప సంగతి వేరు. అది ఊపిరితిత్తులతోనే కాక తడి చర్మంతో కూడా, నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను తీసుకుంటుంది. చల్లని నెత్తురు గల ప్రాణి. దానికి కావలసింది చాలా తక్కువ. చేప మొప్పలతో నీళ్ల నుంచే తీసుకుంటుంది, దానికి పై గాలితో పని లేదు. ఆ బావి గోడ మీద కీచురాళ్లు కూడా తిరుగుతూనే ఉన్నాయి. పురుగుల ఒంటి పక్కల సన్నని రంధ్రాలుంటాయి. గాలి వాటి గుండా, గొట్టాల వెంట, నేరుగా కండకే పోతుంది. పురుగు రక్తం తిండిని మోస్తుంది గాని ఊపిరిని మోయదు. ఒకే బావిలో ఇన్ని ప్రాణులు ఇన్ని రకాలుగా బతుకుతుంటే, వాటిలో ఏదీ మనిషి సంగతి చెప్పగలది కాదు.

చెప్పగలిగింది పక్షి ఒక్కటే. పక్షికి ఊపిరితిత్తులతో పాటు ఒళ్లంతా గాలి సంచులు ఉంటాయి. లోపలికి పీల్చేటప్పుడూ బయటికి వదిలేటప్పుడూ కూడా దాని ఊపిరితిత్తుల్లో కొత్త గాలి పారుతూనే ఉంటుంది. వేడి నెత్తురు, వేగంగా కొట్టుకునే గుండె. మంచైనా చెడైనా మనకన్నా ముందు దానికే తెలుస్తుంది. బొగ్గు గనుల్లో పంజరాల్లో పిట్టలను తీసుకుపోతారని మద్రాసులో మా మాస్టారు చెప్పినప్పుడు రాసుకున్నాను. అంతే. ఎన్నడూ కళ్లతో చూసింది లేదు.

“ఒక కోడి కావాలి. త్వరగా!” అని అరిచాను.

“ఇప్పుడు గూడా కోడేనా సారూ!” అని ఎవరో గుంపులోంచి అన్నారు. ఆ గొంతులోని అసహ్యం ఇన్నేళ్లైనా నాకు వినిపిస్తుంది. నా వెనకే వచ్చిన ఎల్లమ్మ మాత్రం ఇంటికి పరుగెత్తి గంప కింది పెట్టనూ, దానితో పాటు ఇంకొక పుంజునూ రెక్కలు పట్టుకుని తెచ్చింది. నా ముఖం వైపు చూడలేదు.

పెట్టను బుట్టలో కట్టి దించాము. గూటి ఎదురుగా రాగానే అది మెడ చాచింది, రెక్కలు ఒకసారి కొట్టింది, పక్కకు ఒరిగిపోయింది. పైకి లాగేసరికి తల వేలాడుతోంది. పక్కనే లాంతరు ఇంకా వెలుగుతోంది.

ఎగ్గట్టిన పంచెలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. నారప్ప మాత్రం మోకు విప్పలేదు. అప్పుడే లోపలి నుంచి గంగులు మూలుగు వినిపించింది.

“నా చిన్నోడు బతికుండాడు! ఇడవండ్రా నన్ను!”

ఆయనను నలుగురు పట్టుకున్నారు. పట్టుకోమని చెప్పింది నేను. మూలుగుతున్న బిడ్డ దగ్గరికి తండ్రిని పోనివ్వకుండా పట్టుకోవడం కంటే కష్టమైన పని నా సర్వీసులో మరొకటి చేయలేదు. ఆయన నన్ను తిట్టిన తిట్లు రాయను. అవన్నీ పడదగినవే అనిపించింది అప్పుడు.

గాలిని కదిలించాలి. వేపకొమ్మలు నరికి పెద్ద మోపుగా కట్టి తాడుతో దించి, పైకి లాగి, మళ్లీ దించడం మొదలుపెట్టాము. ఇంకోవైపు కడవలతో నీళ్లు గోడల వెంట పోశారు. పడే నీళ్లు పై గాలిని కొంత కిందికి తీసుకుపోతాయి. ఆడవాళ్లు వరసగా నిలబడి కడవలు అందించారు. ఎల్లమ్మ కూడా ఆ వరసలోనే ఉంది. పక్క పొలంలో ఇంకో రైతు ఇంజను బాగు చేస్తున్న మస్తాన్, నూనె చేతులతోనే పరుగెత్తుకుంటూ వచ్చాడు. గొట్టం తల చూసి అక్కడే ఆగిపోయాడు.

“పై పైపులు యాడ మామా?” అని నారప్పను అడిగాడు.

తోట కంచెకు ఆనించి ఉన్న గొట్టాల వైపు ఎవరో చూపించారు. మస్తాన్ వాటి వైపు ఒకసారి చూశాడు. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, ఆ రోజే కాదు, తరువాత కూడా.

పుంజును దించాము. అది బుట్టలో నిలబడి అటూ ఇటూ చూస్తూ ఉంది. ఇంకాసేపు ఉంచాము. అలాగే ఉంది.

“నేను దిగుతాను సార్. ఇంజను పెట్టినోన్ని నేనే, ఆ గూట్లో జాగా నాకు తెల్సు” అన్నాడు మస్తాన్. తడిగుడ్డ ముక్కుకు కట్టబోయారు. ఈ వాయువును తడిగుడ్డ ఆపదని చెప్పి తీయించాను. చంకల కింద మోకు కట్టాము. “నేను పిలుస్తూనే ఉంటా, నువ్వు పలుకుతూనే ఉండాల. పలక్కపోతే లాగేస్తాం” అన్నాను.

“మస్తానూ!”

“ఆ, ఉండా సార్.”

“మస్తానూ!”

“ఉండా. చిన్నోనికి కడ్తాండా.”

“మస్తానూ!”

“లాగండప్పా!”

ముందు గంగులు వచ్చాడు. తరువాత ఓబయ్య. ఆ తరువాత మస్తాన్, తల పట్టుకుని, వాంతి చేసుకుంటూ.

అన్నదమ్ములిద్దరినీ వేపచెట్టు నీడలో పక్కపక్కన పడుకోబెట్టారు. ఓబయ్యకు నాడి లేదు. గుండె మీద చెవి పెట్టి విన్నాను. ఏమీ లేదు. గంగులుకు ఊపిరి దారంలా ఉంది. ఆర్టిఫిషియల్ రెస్పిరేషన్ అని, మనిషిని బోర్లా పడుకోబెట్టి వీపు మీద లయగా నొక్కి వదులుతూ ఊపిరి ఆడించే పద్ధతి ఒకటి మాకు నేర్పారు. అది తెలిసినవాణ్ని నేను ఒక్కణ్నే. నేను గంగులు దగ్గర మోకరించాను.

ఎల్లమ్మ నా భుజం పట్టుకుని లాగింది.

“సార్, ఈయప్పను చూడు. మొగం చూడు సార్, ఎంత ఎర్రగుండాదో! పొద్దన బువ్వ తినేటప్పటి కన్నా బాగుండాడు. సచ్చిపోయినోని మొగం ఇట్టుంటాదా?”

నిజమే. ఓబయ్య బుగ్గలు, పెదవులు దానిమ్మ గింజల రంగులో ఉన్నాయి. నిద్రపోతున్న ఆరోగ్యవంతుడి ముఖం. తమ్ముడి ముఖమే కొంత పాలిపోయి ఉంది. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హీమోగ్లోబిన్ రంగు అది. ఆ విషం ఎంత ఎక్కువ ఎక్కితే రక్తం అంత ఎర్రబడుతుంది. ఆ ఎరుపును ఆమెకు ఏమని వివరించను?

“లేదమ్మా” అన్నాను. “పోయినాడు.”

“అబద్దం. చిన్నోనికి పెండ్లి కాలేదని వాన్ని చూస్తాండావు. నాకు పెండ్లయింది కదా సార్.”

ఆ మాటలో అర్థం వెతికితే దొరకదు. కాని ఆమె అన్నది అదే. నేను చేతులు ఆపలేదు. ఆమె ఓబయ్యను బోర్లా తిప్పి, తలను ఒళ్లో పెట్టుకుని, నన్ను చూసి చూసి, నేను చేస్తున్నట్టే ఆయన వీపు మీద నొక్కడం మొదలుపెట్టింది. ఎవరూ ఆమెను ఆపలేదు.

గంగులును బండి మీద రోడ్డు దాకా, అక్కడి నుంచి బస్సులో పులివెందుల ఆసుపత్రికి చేర్చాము. బస్సులో సీట్ల మధ్య ఉన్న సామాను రోడ్డు పక్కనే దించి, అక్కడ అతన్ని పడుకోబెట్టారు. దారి పొడవునా నొక్కుతూనే ఉన్నాను. అతను బతికాడు. ఇంటి దగ్గర ఓబయ్యను మరునాడు తీసుకుపోయేటప్పుడు కూడా ముఖం ఎర్రగానే ఉందని, అందువల్ల ఊరివాళ్లు చాలాసేపు పాడె ఎత్తడానికి జంకారని తరువాత విన్నాను.

గంగులు బతికాడు అని రాశాను. అది ఆసుపత్రి కాగితంలో మాట. మెదడు అందరికన్నా ఎక్కువ ఆక్సిజన్ అడిగే అవయవం. కొద్దిసేపు అందకపోయినా అక్కడ కొన్ని గదులు మూతపడతాయి, మళ్లీ తెరుచుకోవు. గంగులు తింటాడు, నడుస్తాడు, కాలవ మడవ మార్చి తోటకు నీళ్లు పారగడతాడు. చిన్ననాటి సంగతులన్నీ చెబుతాడు. ఆ ఉదయం నుంచి జరిగింది మాత్రం అతని తలలో నిలవదు.

కొన్ని నెలల తరువాత మళ్లీ ఆ ఊరికి టీకాలకు వెళ్లాను. మస్తాన్ గొట్టాలన్నీ బిగించి, ముందున్నదానికన్నా ఎత్తుగా పెట్టి, కూలి తీసుకోకుండా వెళ్లాడట. నారప్ప తోటలో ఉన్నాడని చెబితే అటు నడిచాను. తీగల మధ్య ఊరికే నిలబడి ఉన్నాడు. కాళ్లకు చెప్పులున్నాయి. నేను గట్టు మీద చెప్పులు విడవబోతే, “ఎందుకు సారూ, అట్నే రా” అన్నాడు. ఆయన నాతో మాట్లాడిన మాట అదొక్కటే. నేను చెప్పులు విడిచే వెళ్లాను. ఆయన పక్కన కొంతసేపు నిలబడి వచ్చేశాను.

బావి దగ్గర ఎల్లమ్మ ఒక కోడిని బుట్టలో దించుతోంది. ఎవరు బావి దిగాలన్నా ముందు ఆమె వచ్చి కోడిని దించి చూడవలసిందేనట. ఆమె దించకుండా దిగితే మోకు లాగేసుకుంటుందట. తన బావి అనే కాదు, ఆ చుట్టుపక్కల బావులన్నింటికీ పిలుస్తున్నారు. ప్రాణం ఉన్న గుర్తు ఒకటి కనిపించగానే సరిపోదు, ఆ ప్రాణి మనలాగా ఊపిరి పీలుస్తుందా అని కూడా చూడాలని నేను తరువాత ఎన్నో ఊళ్లలో చెప్పాను. నా దగ్గర విన్నవాళ్లకన్నా ఆమెను చూసి నేర్చుకున్నవాళ్లే ఎక్కువ.

నన్ను చూసి, “ఆ పొద్దు కోడి మా ఇంట్లోనే గంప కింద ఉన్యాది సార్” అంది. “అడగాల్సింది దాన్ని. మేము కప్పను అడిగితిమి.”

అప్పుడే గంగులు పార భుజాన వేసుకుని వచ్చాడు. నన్ను గుర్తుపట్టలేదు. బావిలోకి తొంగి చూశాడు.

“వదినా, అన్న ఇంకా పైకి రాలా?”

మొదట్లో నిజమే చెప్పేవాళ్లట. చెప్పిన ప్రతిసారీ అతనికి అది కొత్త చావే. ఒకే రోజులో ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు నేల మీద పడి ఏడ్చేవాడట. ఆఖరికి, ఇక ఎవరూ చెప్పవద్దని ఎల్లమ్మే ఇంటిల్లిపాదికీ గట్టిగా చెప్పిందట.

“వస్తాండాడు లేప్పా” అంది ఆమె, బుట్ట పైకి లాగుతూ. “బువ్వ పెట్టినా. నువ్వు తిను పో.”

అతను నమ్మి నాలుగడుగులు వేశాడు. ఆగి, నా సైకిలు వైపూ నా వైపూ చూశాడు. ఆఫీసరు మాట మీద ఊళ్లలో ఒక గురి ఉండేది.

“అవునా సార్? వస్తాండాడా?”

నా ఉద్యోగమంతా ఉన్నది ఉన్నట్టు చెప్పడమే. ఎల్లమ్మ తాడు పట్టుకుని నా నోటి వైపు చూస్తోంది.

“వస్తాండాడప్పా” అన్నాను.